ట్రాన్సిస్టరు కథ – సెల్లుల వ్యథ



ఈ రోజుల్లో 'సెల్' అంటే ఫోను. నాలుగు సెల్లులు తెమ్మని మా మనవడిని బజారుకు పంపబోతే "నాలుగు ఫోన్లు ఎందుకు తాతయ్యా?" అని నవ్వుతాడు. మన తరానికి సెల్ అంటే ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ. టార్చిలైటులోకి రెండు, ట్రాన్సిస్టరులోకి నాలుగు. ఒకటో తారీఖున రాసుకునే పచారీ సరుకుల చీటీలో కందిపప్పు, చింతపండు, సబ్బుల తరువాత చివరి పద్దు అదే. డబ్బు చాలకపోతే ముందుగా కొట్టివేసే పద్దు కూడా అదే.

కిందటి నెల మన సంఘం సమావేశానికి ఒక మిత్రుడు తువాలులో చుట్టిన పాత ట్రాన్సిస్టరు తెచ్చి నా చేతిలో పెట్టారు. వారి నాన్నగారిదట. తోలు కేసు చిరిగింది గాని లోపలి రేడియో చెక్కు చెదరలేదు. "కొత్త సెల్లులు వేశానండీ, అయినా పలకడం లేదు. బాగుచేసేవాడు ఊళ్లో ఒక్కడు దొరకలేదు. పారెయ్యడానికి మనసు రావడం లేదు" అన్నారు.

కొత్త సెల్లులు వేసినా పలకడం లేదు! ఆ మాట వినగానే నాకు 1977 నవంబరు గుర్తుకు వచ్చింది. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు చాలాకాలంగా అడుగుతున్నారు. ఉద్యోగ విషయాలు రాయడానికి నాకంటె పెద్దలు చాలామంది ఉన్నారు. నేను చేతిరేడియో చరిత్ర, దాని కడుపులోని సెల్లుల చరిత్ర, వాటి మూలంగా నాకు మిగిలిపోయిన ఒక బాకీ సంగతి రాస్తాను.

పంచాయతీ రేడియో

నా చిన్నతనంలో మా ఊళ్లో రేడియో అంటే పంచాయతీ ఆఫీసుదే. లోపల గోడకు బిగించిన పెట్టె, బయట స్తంభానికి లౌడుస్పీకరు. సాయంత్రం అయ్యేసరికి అరుగుల మీద జనం చేరేవారు. అది వాల్వుల రేడియో. కరెంటు లేని ఊళ్లో వాల్వుల రేడియోను బ్యాటరీతో నడపాలంటే రెండు రకాల వోల్టేజి కావాలి. వాల్వులోని తీగ వేడెక్కడానికి ఒకటిన్నర వోల్టులు, వాల్వు పనిచేయడానికి దాదాపు తొంభై వోల్టులు. ఆ తొంభై కోసం చిన్న చిన్న సెల్లులను పదుల సంఖ్యలో ఒక్కటిగా కట్టి, ఇటుకల బరువున్న బ్యాటరీ పెట్టె తయారుచేసేవారు. అది అయిపోతే పట్నం నుంచి మనిషి వచ్చి మార్చేదాకా రేడియో మూగనోము పట్టేది. స్టేషను వారు రోజూ మాట్లాడుతూనే ఉండేవారు, మా ఊరికి మాత్రం వినిపించేది కాదు.

స్టేషన్ల సంగతి కూడా రెండు మాటల్లో చెప్పుకుందాం. మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం అయింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ఆరంభమైంది. మా కృష్ణా జిల్లా వాళ్లకు రేడియో అంటే విజయవాడే. మీడియం వేవులో 837 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు అరిగిపోయేటట్లు వినేవాళ్లం.

ఆ ఇటుకల బరువును జేబులోకి తెచ్చింది ట్రాన్సిస్టరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1947 డిసెంబరులో బార్డీన్, బ్రాటెన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని పనిచేయించి చూపారు. వారితోపాటు షాక్లీకి కూడా కలిపి 1956లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1954 అక్టోబరులో రీజెన్సీ టీఆర్-1 అనే మొదటి ట్రాన్సిస్టరు రేడియోను ప్రకటించారు. అందులో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లు. వెల 49 డాలర్ల 95 సెంట్లు. దానికి 22.5 వోల్టుల బ్యాటరీ కావలసి వచ్చేది. 1957లో జపాను వారి సోనీ టీఆర్-63 తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీతో వచ్చింది. తరువాత వచ్చిన సెట్లు చాలావరకు కిళ్లీకొట్లో కూడా దొరికే మామూలు టార్చి సెల్లులతోనే నడిచాయి. పల్లెటూరి రైతు చేతికి రేడియో రావడానికి అసలు కారణం ఇదే అని నా అభిప్రాయం. ట్రాన్సిస్టరు అంటే లోపల ఉండే చిన్న భాగం పేరు. మన వాళ్లు రేడియోకే ఆ పేరు ఖాయం చేశారు.

నేను 1974లో, ఉద్యోగంలో నాకు అందిన మొదటి అరియర్సుతో ఒక రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టరు కొన్నాను. నాలుగు పెద్ద సెల్లులు, ఆరు వోల్టులు. పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు పుస్తకం తీసుకుని ఏటా రుసుము కట్టేవాళ్లం. ఆ లైసెన్సులను 1980ల నడిమిలో ఎత్తివేశారు. రేడియోకు మా ఆవిడ పూలగుడ్డతో ముసుగు కుట్టింది. ఇంటికి వచ్చిన చుట్టాలకు ముందు మంచినీళ్లు, తరువాత రేడియో.

సెల్లులో ఏముంది?

సెల్లు కథ రేడియో కంటె పాతది. 1866లో ఫ్రాన్సు దేశస్థుడు లెక్లాంషే గాజుసీసాలో నవాసారం నీళ్లు పోసి, జింకు కడ్డీ, బొగ్గు కడ్డీ పెట్టి తడి సెల్లు చేశాడు. కళాయి వేసేవాళ్లు గిన్నెలకు రాసే నవాసారమే అది. 1886లో జర్మనీకి చెందిన గాస్నర్ ఆ నీళ్లకు బదులు ముద్ద వాడి, జింకునే డబ్బాగా చేసి, పొడి సెల్లుకు పేటెంటు తీసుకున్నాడు. టార్చిలో వేసే పెద్ద సెల్లు కొలత 1898 నాటిది. నూట ఇరవై ఐదేళ్లు దాటినా ఆ కొలత మారలేదు. మన దేశంలో ఎవరెడీ వారు 1939లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టారు. 1970లలో మన నెల్లూరులోనే నిప్పో సెల్లుల తయారీ మొదలైంది.

అయిపోయిన సెల్లును రాతితో పగలగొట్టని పిల్లవాడు మా రోజుల్లో లేడు. లోపల నల్లపొడి, నడుమ బొగ్గు కడ్డీ, దాని నెత్తిన ఇత్తడి టోపీ. నల్లపొడిలో ఆకు పసరు కలిపి బడిలో నల్లబల్లకు పూసేవాళ్లం. అది మాంగనీసు డయాక్సైడు, బొగ్గుపొడి కలిసిన పదార్థం అని నాకు పెద్దయ్యాక తెలిసింది. చేతులతో ముట్టుకోదగ్గది కాదని కూడా అప్పుడే తెలిసింది.

ఇక్కడ గమనించవలసింది పైన ఉన్న జింకు డబ్బా. పాలకు గిన్నె ఎలాగో సెల్లుకు జింకు డబ్బా అలా అనుకుంటాం. కాని ఈ గిన్నె తానే కరిగి విద్యుత్తు ఇస్తుంది. సెల్లు వాడుతున్నకొద్దీ డబ్బా పలచబడుతుంది. చివరికి చిల్లు పడి లోపలి రసం బయటికి కారుతుంది. ఆ రసం రేడియోలోని స్ప్రింగులను, ఇత్తడి రేకులను తినేస్తుంది. కనుక అయిపోయిన సెల్లు ఊరకే పడి ఉండదు. అయిపోయిన తరువాతే అది రేడియోకు చేటు చేస్తుంది.

మనం చేసిన పొదుపులు ఈ చేటును పెంచాయి. నీరసించిన సెల్లులను మేడ మీద ఎండలో పెట్టేవాళ్లం. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకై ఒక పూట పాట వినిపించేది. అదే వేడికి రసం కూడా త్వరగా కారేది. రెండో పొదుపు, నాలుగు మార్చవలసిన చోట రెండు మార్చడం. నాలుగు సెల్లులూ వరుసగా ఉంటాయి గనుక అన్నింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. కొత్తవి బలంగా తోస్తాయి, పాతవి ఇవ్వడానికి ఏమీ లేకపోయినా ఆ ప్రవాహంలో నలిగిపోతాయి. అలా నలిగిన సెల్లే ముందుగా కారుతుంది.

1977 నవంబరు

1977 దసరాకు నేను చేసింది సరిగ్గా ఆ పొదుపే. రెండు కొత్తవి, రెండు పాతవి. అప్పుడు నేను బందరులో గుమాస్తాను. నవంబరు 17వ తేదీ గురువారం రాత్రి రేడియో గొంతు పీలగా అయి, ఆగిపోయింది.

మరునాడు శుక్రవారం సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు మా బంట్రోతు నా బల్ల దగ్గరికి వచ్చాడు. నాకంటె ఇరవై ఏళ్లు పెద్దవాడు. అతని భార్య, ఇద్దరు పిల్లలు నాగాయలంక అవతల సముద్రం వైపు ఒక పల్లెలో ఉండేవారు. ఇతను బందరులో గది తీసుకుని వారం వారం వెళ్లివచ్చేవాడు.

"గుమాస్తాగారూ, వాయుగుండం అంటున్నారు. రేడియోలో ఏమన్నా చెప్పారాండీ? గట్టిదైతే ఈ రాత్రికే వెళ్లి పిల్లల్ని తీసుకొచ్చేద్దామని" అన్నాడు.

"సెల్లులు అయిపోయాయయ్యా. వెళ్లేటప్పుడు కొంటాను. రాత్రి వార్తల వేళకు ఇంటికి రా, విందాం" అన్నాను.

నాలుగు కొత్త సెల్లులు కొన్నాను. ఈసారి నాలుగూ కొత్తవే. అతను వేళకు వచ్చి వరండాలో కూర్చున్నాడు. లాంతరు వెలుగులో పాత సెల్లులు తీసి కొత్తవి వేశాను. మీట తిప్పితే టక్కుమంది గాని శబ్దం లేదు. సెల్లులు తీసి మళ్లీ వేశాను. వీపు మీద చరిచాను. ఒక్కసారి గరగరమని మళ్లీ ఆగిపోయింది. పాత సెల్లుల కింద తడి చేతికి తగిలింది, గుడ్డతో తుడిచి వదిలేశాను. అరగంట అలా గడిచాక విసుగు వచ్చి, "ఏదో ముసురులే. ఈ వానలో రాత్రిపూట ఎందుకు, ఆదివారం వెళ్లు" అన్నాను. "సరేనండి" అని గొడుగు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో తుఫాను హెచ్చరికలు రేడియోలో చెబుతూనే ఉన్నారు. మా పక్క వీధిలో మరో రేడియో ఉంది. ఇద్దరం అక్కడికి వెళ్లి ఉంటే సరిపోయేది. నా రేడియో పలకలేదన్న చిరాకులో ఆ సంగతే నాకు తోచలేదు.

19వ తేదీ శనివారం తుఫాను తీరం దాటింది. దివిసీమ మీదికి ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. బందరులో మాకు కరెంటు లేదు, దారులు లేవు. ఆ రాత్రి గాలి రొదకు పెంకులు ఎగిరిపోతుంటే మా వాటాల వాళ్లంతా ఒకే గదిలో చేరాం. "రేడియో పెట్టండి" అన్నారు ఎవరో. నేను ఏమీ చెప్పలేకపోయాను.

బంట్రోతు శనివారం పొద్దున బజారులో జనం మాటలు విని, ఉండబట్టలేక బస్సెక్కాడట. సగం దారిలోనే చిక్కుకుపోయాడు. ఐదో రోజున ఆఫీసుకు వచ్చాడు. భుజం మీద ఒక పిల్లవాడు ఉన్నాడు. మిగిలినవారి సంగతి మేమెవ్వరం అడగలేదు.

అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తరువాత పదేళ్లు ఒకే ఆఫీసులో పనిచేశాం, ఆ రాత్రి గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ వార్త వింటే అతను శుక్రవారం రాత్రే బయలుదేరేవాడా, వెళ్లి తీసుకురాగలిగేవాడా, నేను చెప్పలేను. 'ఏదో ముసురులే' అన్నది మాత్రం నేనే.

సాయిబుగారి పాఠం

బందరుకు కరెంటు తిరిగి వచ్చి కొట్లు తెరిచాక ఆ రేడియోను కోనేరు సెంటరు దగ్గర ఒక చిన్న రిపేరు కొట్టుకు తీసుకువెళ్లాను. నడివయసు సాయిబుగారు ఒకరు నడిపేవారు. ఆయన సెల్లులు తీసి ఒక్కొక్కటే టార్చి బల్బుకు ఆనించి చూశారు. నాలుగూ దివ్యంగా వెలిగాయి. తరువాత బ్యాటరీ పెట్టెలోని స్ప్రింగును గోటితో గీరి చూపించారు. పచ్చటి చిలుము. పాత సెల్లు కార్చిన రసం ఎండి ఆ పొర కట్టింది. బ్లేడుతో నాలుగు గీతలు గీసి, సెల్లులు వేసి మీట తిప్పారు. కొట్టంతా విజయవాడ కేంద్రం మోగిపోయింది.

"ఎంత ఇవ్వమంటారు?" అని అడిగాను. "దీనికేం తీసుకుంటాం గుమాస్తాగారూ, రెండు నిమిషాల పని" అన్నారు. నేను చాలాసేపు ఆ బల్ల మీదినుంచి లేవలేకపోయాను. కారణం ఆయనకు తెలియదు.

ఆ తరువాత చాలా ఆదివారాలు ఆయన కొట్లో కూర్చుని నేర్చుకున్నాను. "ముందు కడుపు చూడండి, తరువాత గొంతు చూద్దురుగాని" అనేవారు ఆయన. పలకని రేడియోల్లో ఎక్కువ భాగం లోపలి సర్క్యూటు చెడినవి కావు, కడుపులోని సెల్లు నుంచి సర్క్యూటు దాకా దారి తెగినవి అని ఆయన అనుభవం. ఆయన చూపిన వరుసను, తరువాత నేను తెలుసుకున్న వాటితో కలిపి ఇక్కడ రాస్తున్నాను. పాత రేడియో ఇంట్లో ఉన్నవారికి పనికి వస్తుంది.

మొదటిది, సెల్లుల దిశ. నాలుగింటిలో ఒకటి తిరగబడితే ఆరు వోల్టులు మూడే అవుతాయి, ఎందుకంటే అది తన వంతు ఇవ్వకపోగా మరొకదాని వంతు తీసివేస్తుంది. అన్నీ తిరగబడితే పాత సెట్లలో ట్రాన్సిస్టర్లకే ప్రమాదం. పెట్టెలోని గుర్తు చూసి వేయండి.

రెండవది, సెల్లు బలం. మీటరు పెట్టి ఒకటిన్నర వోల్టులు చూపగానే మంచిదని నమ్మవద్దు. పని లేనప్పుడు నీరసపు సెల్లు కూడా నిండుగా కనిపిస్తుంది. టార్చి బల్బు తగిలించి, అది వెలుగుతుండగా కొలవండి. అప్పుడు 1.1 వోల్టుకు దిగజారితే దాని పని అయిపోయినట్లే. రేడియో పెట్టగానే పలికి, రెండు నిమిషాలకు నీరసించి, ఆపి ఉంచి మళ్లీ పెడితే పలుకుతుంటే అది సెల్లుల బలహీనతే.

మూడవది, చిలుము. మామూలు సెల్లు కార్చిన రసానికి ఆమ్లగుణం ఉంటుంది. నీళ్లలో కలిపిన వంటసోడాలో దూదిపుల్ల ముంచి తుడవాలి. ఆల్కలైన్ సెల్లులు 1959లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి, మన బజారులో ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి. అవి కారితే తెల్లటి పిండిలా కడుతుంది. దానిది క్షారగుణం గనుక నిమ్మరసం చుక్క గాని వెనిగరు గాని వాడాలి. రెండింటికీ ఒకే మందు పనికిరాదు. తుడిచాక స్ప్రింగును, రేకును ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బాగా ఆరనిచ్చి సెల్లులు వేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

నాలుగవది, తీగ. స్ప్రింగు నుంచి లోపలికి పోయే తీగ పైకి బాగానే కనిపిస్తుంది. రసం దాని తొడుగు లోపల పాకి రాగిని నల్లగా చేసి ఉంటుంది. నెమ్మదిగా లాగితే ఊడి వస్తుంది. కొత్త తీగ వేసి మాటు పెట్టడమే మార్గం.

ఐదవది చాలామందికి తెలియనిది. కరెంటు ఎడాప్టరు పెట్టుకునే చిన్న రంధ్రం ఉంటుంది. ఎడాప్టరు పిన్ను లోపలికి పోగానే ఒక పల్చటి రేకు పక్కకు జరిగి సెల్లుల దారిని తెంచుతుంది. పిన్ను తీయగానే అది తిరిగి ఆనాలి. ఏళ్ల తరబడి వాడకపోతే ఆ రేకు మీద మురికి పట్టి సరిగా ఆనదు. అప్పుడు సెల్లులు కొత్తవైనా, స్ప్రింగు మెరుస్తున్నా రేడియో పలకదు. పిన్నును పది పన్నెండు సార్లు దూర్చి తీస్తే చాలాసార్లు అదే బాగవుతుంది.

ఆరవది, మీట. చాలా సెట్లలో శబ్దం పెంచే మీట వెనకనే స్విచ్చి ఉంటుంది. మీటరు వాడడం తెలిసినవారికి ఒక సులువు చెబుతాను. స్విచ్చి ఆపి ఉంచి, దాని రెండు కొసలకూ మిల్లీయాంపియరు మీటరు ఆనించండి. సెల్లులనుంచి దారి సరిగా ఉంటే మీటరు గుండానే రేడియో పలుకుతుంది. శబ్దం బాగా తగ్గించి ఉంచితే చిన్న సెట్టు పది నుంచి ఇరవై మిల్లీయాంపియర్లు తీసుకోవాలి. ముల్లు కదలకపోతే దారి ఎక్కడో తెగింది. వంద దాటి పోతుంటే లోపల ఏదో కాజేస్తున్నది, వెంటనే తీసివేయాలి. సెల్లులు వారానికే అయిపోతున్నాయని చెప్పే సెట్ల జబ్బు ఇలాగే బయటపడుతుంది.

ఏడవది, బుడబుడ శబ్దం. పాట వెనక మోటారు పడవ పోతున్నట్లు వినిపిస్తే బ్యాటరీకి అడ్డంగా ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఎండిపోయిందని సాధారణంగా అర్థం. నీరసపు సెల్లులతో కూడా ఈ శబ్దం వస్తుంది గనుక ముందు సెల్లులు మార్చి, తరువాతే దాన్ని అనుమానించండి.

రెండు నిమిషాల పని

1990 మే 9న మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర పెద్ద తుఫాను తీరం దాటింది. అప్పటికి నా అలవాటు స్థిరపడింది. ఏటా ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, అంటే తుఫానుల కాలం రెండింటికీ ముందు, రేడియో వెనక మూత తీసి స్ప్రింగులు తుడవడం. సెల్లుల మీద వేసిన తేదీ రాయడం. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చడం. ఆ రాత్రి కరెంటు పోయాక కూడా మా రేడియో తెల్లవార్లూ పలికింది. వీధిలోని వాళ్లు కిటికీ దగ్గర నిలబడి విన్నారు.

ఆ తుఫాను కూడా భయంకరమైనదే. అయినా పోయిన ప్రాణాలు వెయ్యి లోపు. పన్నెండున్నరేళ్ల కిందట పదివేలు. ఇంత తేడా రేడియో ఒక్కదానివల్ల వచ్చిందని నేను అనను. ముందుగా హెచ్చరించారు, లక్షలాది మందిని తరలించారు, 1977 తరువాత కట్టిన తుఫాను షెల్టర్లు అక్కరకు వచ్చాయి. ఆ తరలింపులో మన సంఘ సభ్యులే చాలామంది నిద్ర లేకుండా పనిచేశారు. కాని హెచ్చరిక అనేది ఒక గొలుసు. వాతావరణ శాఖ నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి గాలిలోకి, గాలి నుంచి ఇంటికి. చివరి లంకె మన ఇంట్లోని స్ప్రింగు. పై లంకెలను ప్రభుత్వం చూసుకుంటుంది. ఆఖరుదాన్ని మనమే చూసుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు నేను అక్కడ మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఐదు ఫోన్లు. సిగ్నలు పోయింది, కరెంటు పోయింది, మరునాటికి ఛార్జీ కూడా పోయింది. సంచిలోంచి నా ట్రాన్సిస్టరు తీశాను. ముల్లు తిప్పగా తిప్పగా దూరపు స్టేషను ఒకటి దొరికింది. మా అల్లుడుగారు అంతకుముందు దాన్ని చూసి నవ్వేవారు. ఆ తరువాత "ఈ రేడియో ఎక్కడ దొరుకుతుంది మావయ్యగారూ?" అని అడిగారు.

ఇప్పుడు కొత్త రేడియోల్లో లోపలే లిథియం బ్యాటరీ పెట్టి, ఫోను తీగతో ఛార్జీ చేసుకోమంటున్నారు. మంచిదే. ఆ బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే మాత్రం వెంటనే వాడడం మానేయండి. కరెంటు రోజుల తరబడి లేనప్పుడు ఛార్జీ చేసే దారి ఉండదు గనుక మామూలు సెల్లులతో నడిచేది ఒకటి ఇంట్లో ఉంచుకోమని నా మనవి. వాడనప్పుడు సెల్లులు రేడియోలో ఉంచవద్దు. బయట పొడిచోట పెట్టి, రేడియో పక్కనే ఉంచండి.

మిత్రుని రేడియో సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటికి తెచ్చి మూత తీశాను. కొత్త సెల్లులు మంచివే. స్ప్రింగుల మీద చిలుము ఉంది, తుడిచాను. అయినా పలకలేదు. ఎడాప్టరు రంధ్రంలో పిన్ను దూర్చి తీస్తూ పోయాను. తొమ్మిదోసారో పదోసారో గరగరమని, ఆ తరువాత మాట వినిపించింది. ఆయనకు ఫోను చేసి, రేడియోను ఫోను దగ్గర పెట్టాను. అటునుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. తరువాత "మా నాన్నగారి రేడియోనేనా అండీ?" అన్నారు. "మీ నాన్నగారిదే" అన్నాను. "ఎంత ఇవ్వమంటారు?" అని అడిగారు.

"దీనికేం తీసుకుంటామండీ, రెండు నిమిషాల పని" అన్నాను.

మీ ఇంట్లో కూడా అటక మీద ఒకటి ఉండే ఉంటుంది. వచ్చే అక్టోబరు దాకా ఆగకుండా ఈ ఆదివారమే దించి, వెనక మూత తీసి చూడండి. సెలవు.